పదును రాకముందే

కర్నూలు, కడప జిల్లాల్లో వాన పడ్డాక రైతుకు దొరికే గడువు నేలలో పదును ఉన్నంత వరకే. నల్లరేగడి మరీ తడిగా ఉంటే ట్రాక్టరు చక్రం దిగబడుతుంది. నాలుగు ఎండలు కాస్తే గట్టిపడి పెళ్లలు లేస్తుంది. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు శనగ వేసేవాళ్లకూ, పత్తికొండ, డోన్ ఎర్రనేలల్లో శెనక్కాయ వేసేవాళ్లకూ ఈ లెక్క ఒకరు నేర్పనక్కర్లేదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ వస్తుందో రాదో తెలియని వాన. అటువంటి చోట ఒక పదును చేజారితే ఒక్కోసారి పంటకాలమే చేజారుతుంది. అందుకే సీమలో యంత్రం ఆగితే కలిగే నష్టాన్ని మరమ్మతు బిల్లుతో కొలవలేం.

ఈ ఆలోచన నాలో ముదిరింది చీనీ తోటల్లో గడ్డి కోసే స్లాషర్ వల్ల. పులివెందుల, వేంపల్లె, లింగాల వైపు తోటలున్నవాళ్లకు ఇది తెలిసిన పనిముట్టే. చీనీ చెట్టుకు నీళ్లూ ఎరువూ అందించే సన్నవేళ్లు నేలకు దగ్గరలోనే పరుచుకుని ఉంటాయి. చెట్ల నడుమ మడక తోలినా, రోటావేటర్ తిప్పినా ఆ వేళ్లు తెగుతాయి. తెగిన చోట తెగుళ్లకు దారి దొరుకుతుంది. గడ్డిని పెకలించకుండా పైపైన కోసి అక్కడే పడేస్తే వేళ్లకు దెబ్బ తగలదు. కోసిన గడ్డి నేలకు కప్పుగా పరుచుకుని తేమను నిలుపుతుంది. బోరులో నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో చూసుకుంటూ తోటను బతికించుకునేవాళ్లకు ఇది చిన్న మేలు కాదు.

ఇంత మేలు చేసే పనిముట్టులో బయటికి కనిపించేవి ఒక రేకు డెక్కు, కింద రెండు బ్లేడ్లు, మధ్యలో ఒక ఇనుప పెట్టె. ఆ పెట్టే గేరుబాక్సు. ట్రాక్టరు వెనక ఉన్న పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అమెరికాలోని వ్యవసాయ ఇంజనీర్లు 1920లలో ఈ వేగాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. ఒక కంపెనీ ట్రాక్టరుకు ఇంకో కంపెనీ పనిముట్టు తగిలించుకోగలుగుతున్నామంటే ఆ ఒప్పందం చలవే. ట్రాక్టరు నుంచి వచ్చే షాఫ్టు నేలకు సమాంతరంగా తిరుగుతుంది. బ్లేడును పట్టుకున్న షాఫ్టు నిలువుగా తిరగాలి. ఒకదానికొకటి అడ్డంగా కలిసే రెండు బెవెల్ గేర్లు ఆ మలుపు తిప్పుతాయి. చాలా స్లాషర్లలో అవి దిక్కుతో పాటు వేగాన్నీ మార్చి, 540 చుట్లను ఎనిమిది వందల దాకా పెంచుతాయి.

ఆ గేర్లు సగం మునిగేలా గేరు ఆయిలు ఉంటుంది. మన షాపుల్లో 90 ఆయిలు, 140 ఆయిలు అని అడుగుతాం. పళ్లు తిరుగుతూ నూనెను పైకి చిమ్ముతాయి. ఇనుముకూ ఇనుముకూ నడుమ సన్నని నూనెపొర నిలిచినంత కాలం పన్ను అరగదు. షాఫ్టుకు పైనా కిందా టేపర్ రోలర్ బేరింగులుంటాయి. షాఫ్టు బయటికి వచ్చే చోట రబ్బరు పెదవితో ఒక ఆయిల్ సీలు ఉంటుంది. ఆ పెదవి లోపల సన్నని స్ప్రింగు తీగ, దాన్ని షాఫ్టుకు అదిమి పట్టి ఉంచుతుంది. నూనె బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా కాపలా కాసేది ఆ పెదవే. పెట్టె మొత్తంలో అన్నిటికంటే చవకైనదీ అదే. అన్నిటికంటే ముందు చెడేదీ అదే.

చెడడానికి కారణాలు మన తోటల్లోనే దొరుకుతాయి. చీనీ పాదుల పక్కన పరిచిన డ్రిప్ పైపు గడ్డిలో కలిసిపోయి బ్లేడుకు చిక్కుతుంది. తెగిన ముక్క ఎగిరి పడితే పీడా పోయినట్టే. ఒక్కోసారి అది షాఫ్టుకు చుట్టుకుంటుంది. పుచ్చకాయ సాగులో పరిచిన మల్చింగ్ షీటు, కట్టెలు నిలిపి పెంచిన టమాటాకు కట్టిన ప్లాస్టిక్ సుతిలి, పాత కంచె తీగ, ఇవన్నీ అదే దారి పడతాయి. చుట్టుకున్న దారం తిరిగే కొద్దీ పైకి పాకి సీలు పెదవిని కోసేస్తుంది. రైతు కంటికి ఏమీ కనపడదు. బ్లేడు తిరుగుతూనే ఉంటుంది, గడ్డి తెగుతూనే ఉంటుంది. కింద నూనె మాత్రం బొట్టు బొట్టుగా కారుతుంది. కారిన నూనెకు దుమ్ము అంటుకుని నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును చూసి చాలామంది మట్టే అనుకుంటారు.

నూనె మట్టం తగ్గాక పళ్ల మీద పొర తెగుతుంది. ఇనుము ఇనుమును రాస్తుంది, పెట్టె వేడెక్కుతుంది. నంద్యాల, కర్నూలు ఎండ మే నెలలో నలభై దాటి పోయేటప్పుడు ఆ వేడి చల్లారే దారి కూడా తక్కువే. వేడికి నూనె ఇంకా పలచబడి, మిగిలింది కూడా కారిపోతుంది. బేరింగు రోలర్లకు గుంతలు పడతాయి. షాఫ్టు ఆడడం మొదలవుతుంది. ఆడే షాఫ్టు దగ్గర కొత్త సీలు వేసినా నిలవదు. గేరు పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోక అంచులు విరుగుతాయి. విరిగిన ముక్క ఇంకో పన్ను సందులో పడిన రోజు గేరుబాక్సు పట్టేస్తుంది. ఆ రోజు తప్పకుండా పని మంచి జోరు మీద ఉన్న రోజే అవుతుంది. ఎందుకంటే మూలన పెట్టిన యంత్రం చెడదు, పనిలో ఉన్నదే చెడుతుంది. దారం ముక్క చుట్టుకున్న రోజుకూ పెట్టె పట్టేసిన రోజుకూ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. అన్నాళ్లూ యంత్రం తన సంగతి చెప్పుకుంటూనే ఉంది, వినేవాళ్లే లేరు.

ప్రొద్దుటూరులో ఒక మెకానిక్కు షెడ్డులో విన్న మాట నా మనసులో నాటుకుపోయింది. గేరుబాక్సు తుడిచి తుడిచి తెచ్చిన రైతుతో అతను అన్నాడు: "నూనె కారితే తుడిచేది కాదన్నా, యాడ కారతాందో చూడల్ల." ఆ షెడ్డులో ఏ యంత్రం వచ్చినా ముందు కడగనివ్వరు. కడిగితే జాడ పోతుంది. పెచ్చు ఎక్కడ మందంగా ఉందో అక్కడి నుంచి వెతుకుతారు. సీలు దగ్గరనా, మూత కింద ప్యాకింగు దగ్గరనా, బోల్టు వదులైన చోటనా, పెట్టెకే పగులు వచ్చిందా అని చూస్తారు. ఆ తరువాత పెట్టె పైన ఉన్న ఊపిరి రంధ్రం చూస్తారు. గేరుబాక్సు వేడెక్కినప్పుడు లోపలి గాలి ఉబ్బుతుంది. ఆ గాలి పోవడానికి పైన చిల్లున్న చిన్న బిరడా ఉంటుంది. మన రేగడి దుమ్ముతో అది పూడుకుపోతే, లోపలి ఒత్తిడి ఇంకో దారి లేక సీలును తోసుకుని నూనెతో సహా బయటపడుతుంది. అప్పుడు సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతూనే ఉంటుంది. తప్పు సీలుది కాదు, పైన మూసుకుపోయిన చిల్లుది. మట్టం దాటి నూనె నింపినా ఇదే జరుగుతుంది. లెవెల్ ప్లగ్గు విప్పినప్పుడు నూనె అంచు దాకా వచ్చి ఆగితే అదే సరైన కొలత.

దించిన నూనె కూడా చాలా సంగతులు చెబుతుంది. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయని అర్థం. వేడిగా ఉన్న పెట్టెను ప్రెషర్ పంపుతో కడిగితే, చల్లబడేటప్పుడు లోపలికి లాక్కున్న గాలితో పాటు నీళ్లూ పోతాయి. వేళ్ల మధ్య రుద్దితే మెత్తటి బూడిదరంగు పొడి తగిలితే అది మామూలు అరుగుదల. మెరిసే రేకులు, గోరుకు తగిలే పలుకులు కనిపిస్తే పళ్లో బేరింగో విడిపోతున్నట్టు. మాడు వాసన వస్తే ఎప్పుడో ఎండిపోయి తిరిగిందన్నమాట. కొత్త గేరుబాక్సులో పళ్లు ఒకదానికొకటి అలవాటు పడేటప్పుడు పొడి ఎక్కువ రాలుతుంది. అందుకే తయారీదారులు చాలామంది మొదటి 50 గంటల పని అయ్యాక ఒకసారి నూనె మార్చమంటారు. ఆ మొదటి మార్పును మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోరు. కొత్తది కదా, దానికేం అవుతుందిలే అంటారు.

ఇక లోపలి పని. బేరింగును మరీ బిగిస్తే కాలిపోతుంది, వదులు చేస్తే కొట్టుకుంటుంది. గేరు పళ్ల మధ్య వెంట్రుకవాసి ఆట ఉండాలి. ఆ ఆటను కాగితమంత పలచటి షిమ్ములు తీసి, వేసి సరిచేస్తారు. సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి పళ్లకు నీలం రంగు పూసి చేత్తో ఒక చుట్టు తిప్పుతారు. రంగు పన్ను నడుమ చెదిరితే కుదిరినట్టు. అంచునో మొదలునో చెదిరితే మళ్లీ విప్పి షిమ్ము మార్చాలి. షాఫ్టు మీద పాత సీలు గీసిన గాడి గోరుకు తగిలితే కొత్త సీలు అక్కడ పట్టదు. లేతు మీద వెల్డింగు నింపి కోయించాలి, లేదా సన్నని తొడుగు ఎక్కించాలి. సీలును సుత్తితో ఒక పక్క కొట్టి దించరాదు. సరిపడే పైపు ముక్కతో చుట్టూ సమానంగా అదిమి, పెదవికి ముందే నూనె రాసి కూర్చోబెట్టాలి. ఈ పనంతా అయ్యాక మూత పెడితే బయటికి ఏమీ తెలియదు. బాగా చేసినవాడికీ బాగా చేయనివాడికీ తేడా వచ్చే పదునులో గానీ బయటపడదు.

బ్లేడు స్పిండిళ్ల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కొన్ని యంత్రాల్లో గేరుబాక్సు నుంచి బెల్టులతో రెండు మూడు స్పిండిళ్లు తిరుగుతాయి. ఒక్కోదానికి రెండేసి బేరింగులు, ఒక గ్రీజు నిప్పల్. ఐదు అడుగుల వెడల్పు కోసే స్లాషర్ బ్లేడు నిమిషానికి 800 చుట్లు తిరిగితే, దాని కొన గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో ఒక పక్క బ్లేడు ఇంకో పక్కదాని కంటే 100 గ్రాములు తేలికైతే, దాదాపు అరక్వింటా బరువు షాఫ్టును ఒక పక్కకు లాగినట్టు అవుతుంది. అదీ ఒక చుట్టులో నాలుగు దిక్కులకూ. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు రాతి నేలల్లో బ్లేడుకు గుండు తగిలి అంచు విరగడం మామూలే. విరిగిన ఒక్క బ్లేడునే మార్చి, అరిగిన రెండోదాన్ని అలాగే ఉంచేవాళ్లు, మిగిలిన బేరింగును కూడా పోగొట్టుకుంటున్నారు. జతగానే మార్చాలి. పదును పెట్టినా రెండింటినీ తూకం వేసి పెట్టాలి. డెక్కు మీద చెయ్యి పెడితే తెలిసే వణుకును 'ఇంజను సౌండులే' అని సరిపెట్టుకోరాదు.

ఈ పని ప్రాణంతో చెలగాటం కాకూడదు కాబట్టి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్లాషర్ కింద చెయ్యి పెట్టే ముందు ట్రాక్టరు ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. హైడ్రాలిక్ లేపి ఉంచింది కదా అని దూరరాదు, ఒక్క సీలు జారితే డెక్కు మొత్తం మీద పడుతుంది. కింద గట్టి కట్టె మొద్దులు పెట్టాలి. కడప బండలు మన ఇళ్లకు గొప్పవే గానీ, బరువు ఒక్కచోట పడితే విరుగుతాయి. వాటిని ఆనించరాదు. పీటీఓ షాఫ్టు మీది ప్లాస్టిక్ కవచం విరిగితే కొత్తది వేయించాలి. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె కొసో, తుండు కొసో తగిలితే విడిపించుకునే వ్యవధి మనిషికి ఉండదు.

ఈ విద్యంతా పుస్తకాల్లో నేర్చుకున్నవాళ్లు మన షెడ్లలో తక్కువ. కమ్మరి కొలిమిలో కర్రు కాచేవాళ్లు ఇనుము రంగును బట్టి వేడిని చెప్పేవారు. సానబట్టిన ఇనుము కాగేటప్పుడు ముందు గడ్డిరంగు, తరువాత ఊదా, మూడు వందల డిగ్రీల దరిదాపుల్లో నీలం. ఆదోని, నంద్యాల షెడ్లలో ఈనాటి మెకానిక్కు నీలంగా మారిన బేరింగును చూసి "ఇది కాలింది, మళ్లీ పనికిరాదు" అంటున్నాడంటే, అది ఆ కొలిమి చదువే. యంత్రాలు పుట్టించినవాళ్లు కూడా ఇటువంటివాళ్లే. రోటావేటర్‌ను 1912లో ఆస్ట్రేలియాలోని గిల్గాండ్రాలో మొదలుపెట్టిన క్లిఫ్ హోవార్డ్, తండ్రి పొలంలో ఉన్న ఆవిరి ట్రాక్టరు ఇంజనుతో నేలను తిరగేయడం పరీక్షించిన కుర్రవాడు. మొదట్లో బ్లేడ్లు మట్టిని పక్కలకు విసిరేస్తుంటే, ఎల్ ఆకారంలో వంచి ఆ లోపం తీర్చాడు. యంత్రాన్ని విప్పి చూసే చెయ్యే యంత్రాన్ని మెరుగుపరిచే చెయ్యి కూడా. మనం మాత్రం ఆ చేతిని మసి చెయ్యిగానే చూస్తున్నాం. పక్క జిల్లా అనంతపురంలోని గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం ఉంది. రైతులకూ యువకులకూ యంత్రాల నిర్వహణ నేర్పడం దాని పని. దేశం మొత్తం మీద ఇటువంటివి నాలుగే ఉన్నాయి. అందులో ఒకటి మన గడప దగ్గర ఉంది. ట్రాక్టరు కొనడానికి వెళ్లేవాళ్లతో పోలిస్తే అక్కడికి నేర్చుకోవడానికి వెళ్లే సీమ పిల్లలు ఎందరని మనల్ని మనం అడుగుకోవాలి.

మరమ్మతును చిన్నచూపు చూడడం ఈ నేల అలవాటు కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, కట్టించిన అనంతరాజ సాగరం గురించి అది చెబుతుంది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల శ్రమ. ఆ శాసనం రాజును పొగిడి ఊరుకోలేదు. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసపెట్టి చెప్పింది. దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. అంగాల్లో ఒకటి జలశాస్త్రం తెలిసిన పండితుడు, మరొకటి పని తెలిసిన కట్టుబడివాళ్లు. అంటే కారేచోటు వెతకడమూ, వెతకగల మనిషిని దగ్గర ఉంచుకోవడమూ ఆరున్నర శతాబ్దాల కిందటే మనవాళ్లు రాయి మీద చెక్కుకున్న విషయాలు. అంతటితో ఆగలేదు. చెరువు కట్టించి, దాన్ని బాగుచేస్తూ ఉండేవారికి దశబంధం మాన్యాలిచ్చే ఆచారం సీమలో శతాబ్దాలు నడిచింది. కట్టడానికి ఒకసారి ఖర్చు పెట్టి చేతులు దులుపుకోకుండా, నిలబెట్టుకోవడానికి నేలలోనే ఒక వాటా రాసిచ్చారు. పోరుమామిళ్ల చెరువు ఇవాళ్టికీ నీళ్లిస్తోంది.

ఇప్పుడు మన లెక్క వేరుగా నడుస్తోంది. యంత్రం కొనేటప్పుడు రాయితీ ఎంత అని అడుగుతాం, అప్పు ఎంత దొరుకుతుందని అడుగుతాం, బాడుగకు ఎన్ని ఎకరాలు తిప్పితే తీరుతుందని లెక్కవేస్తాం. సీలుకూ, నూనెకూ, బేరింగుకూ ఎంత పక్కన పెట్టాలని అడగం. మెకానిక్కు పిలిస్తే రావాలి, తక్కువ తీసుకోవాలి, రాత్రికల్లా ఇవ్వాలి. అందరూ ఒకేసారి వానరోజుల్లోనే అతని షెడ్డు ముందు వరస కడతారు. అతను హడావుడిగా పాత బేరింగునే కడిగి ఎక్కించి పంపిస్తాడు. తప్పు అతనిది అంటాం. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా కూర్చున్నప్పుడు అతని దగ్గరికి వెళ్లనిది మనమే.

ఈ ఎండాకాలంలో, ఏరువాక కంటే ముందే, స్లాషర్ అయినా రోటావేటర్ అయినా ఒకసారి విప్పించండి. సీలు కింద చుట్టుకున్న డ్రిప్ పైపు ముక్కలు కోసి తీయండి. ఊపిరి రంధ్రం దుమ్ము వదిలించండి. నూనె దించి వేళ్ల మధ్య రుద్ది చూడండి, కొత్తది మట్టం దాకా పోయండి. స్పిండిల్ పట్టి ఊపి చూడండి, ఆడితే అప్పుడే బేరింగు వేయించండి. బాడుగ డబ్బులో పదో వంతు మరమ్మతు కోసం విడిగా ఉంచండి. మెకానిక్కుకు తీరిక ఉన్నప్పుడు పని ఇచ్చి, అడిగిన కూలి నిండుగా ఇవ్వండి. ఇంట్లో చదువుకుంటున్న పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ పక్కన నిలబెట్టి ఆ పెట్టె లోపల ఏముందో చూపించండి. సీమకు వానను తెచ్చే శక్తి మనకు లేదు. వచ్చిన వానకు సిద్ధంగా ఉండడం పూర్తిగా మన చేతిలో ఉన్న పని.